లిఫ్ట్ పంప్, డీజిల్ ప్రెషర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజెక్షన్ పంప్ (డీజిల్‌ను ఎక్కువ ప్రెషర్‌తో ఇంజెక్టర్లకు పంపేది) పోయిందని వచ్చిన బండిలో నేను ముందు లిఫ్ట్ పంప్ దగ్గరికి వెళ్తాను. అది బాగుంటే సరే. బాగోకపోతే, కొత్త ఇంజెక్షన్ పంప్ బిగించినా మళ్లీ అదే గతి. ఈ విషయంలో జనం పదే పదే అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి.

లిఫ్ట్ పంప్, ఫీడ్ పంప్ ఒకటేనా?

ఒకటే. ట్యాంకులోంచి డీజిల్‌ను లాగి, ఫిల్టర్ గుండా తోసి, ఇంజెక్షన్ పంప్ నోటికి అందించేది. పాత ఇంజన్లలో ఇది క్యామ్ షాఫ్ట్ మీద నడుస్తుంది, పక్కనే చేత్తో కొట్టే ప్రైమర్ ఉంటుంది. తర్వాతి బండ్లలో కరెంటు పంప్ వచ్చింది. కొన్నింటిలో ఇంజన్ బ్లాకు మీద, కొన్నింటిలో ఛాసిస్ మీద, ఇంకొన్నింటిలో ట్యాంకు లోపలే ఉంటుంది.

ఎక్కడున్నా ఇది తక్కువ ప్రెషర్ పని చేసే పంపే. అసలు ప్రెషర్ పుట్టేది దీని తర్వాత, ఇంజెక్షన్ పంప్‌లో. ఈ పేజీ అంతా ఆ ముందు భాగం గురించే.

ప్రెషర్ కాస్త తగ్గితే పికప్ తగ్గుతుంది, అంతేగా?

పికప్ తగ్గితే అదృష్టం, కనీసం తెలుస్తుంది. చాలా బండ్లలో పుల్లింగ్ ఏమీ తగ్గదు. లోపల పంప్ మాత్రం అరుగుతూ ఉంటుంది.

రోటరీ పంప్‌కూ కామన్ రెయిల్ (ఒకే పైపులో ప్రెషర్ నిలిపి అన్ని ఇంజెక్టర్లకూ పంచే పద్ధతి) పంప్‌కూ లోపలి భాగాలకు డీజిలే ఆయిల్, డీజిలే కూలింగ్. వేరే ఏర్పాటు లేదు. ఇంజన్ కాల్చేదాని కన్నా ఎక్కువ డీజిల్‌ను లిఫ్ట్ పంప్ పంపాలి. మిగిలింది పంప్‌లోని వేడిని మోసుకుని రిటర్న్ పైపులో ట్యాంకుకు పోతుంది. ప్రెషర్ పడిపోయిందంటే ముందు తగ్గేది ఆ మిగులే. ఇంజన్‌కు కావలసినంత దొరుకుతుంది కాబట్టి డ్రైవర్‌కు ఏమీ తెలియదు.

దీనికి పాఠ్యపుస్తకంలాంటి ఉదాహరణ 1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన డాడ్జ్ ర్యామ్ అనే అమెరికా పికప్ బండిలోని 5.9 లీటర్ల కమ్మిన్స్ డీజిల్ ఇంజన్. అందులో బాష్ వీపీ44 అనే రోటరీ పంప్ ఉంటుంది. దాని కంప్యూటర్ పంప్ మీదే కూర్చుని ఉంటుంది, దాన్నీ డీజిలే చల్లబరచాలి. ఆ బండికి కంపెనీ ఇచ్చిన చిన్న కరెంటు లిఫ్ట్ పంప్ ఇంజన్ బ్లాకు మీద, ఆ వేడిలో, ఆ అదురులో ఉంటుంది. ట్యాంకు నుంచి అంత దూరం లాగాలి. తోయడానికి చేసిన పంప్ చేత లాగిస్తే ఎన్నాళ్లు ఓపుతుంది? అది చప్పుడు చేయకుండా నీరసిస్తుంది, వెనకే వీపీ44 పోతుంది. డ్యాష్ బోర్డు మీద లైటు వెలిగి పీ0216 కోడ్ (ఇంజెక్షన్ టైమింగ్ తప్పిందని చెప్పేది) కనిపించేసరికి చాలాసార్లు పని అయిపోయి ఉంటుంది.

ఎంత ప్రెషర్ ఉండాలి?

ఇంజన్‌ను బట్టి. ఒకరి నంబర్ ఇంకొకరికి పనికిరాదు.

వీపీ44 ఉన్న కమ్మిన్స్‌లో ఐడ్లింగ్‌లో 10 నుంచి 15 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) మామూలు. పంప్‌లోని ఓవర్‌ఫ్లో వాల్వ్ (మిగులు డీజిల్‌ను రిటర్న్ పైపులోకి వదిలేది) సుమారు 14 దగ్గర తెరుచుకుంటుంది. అంటే 14 పైన ఉంటేనే చల్లబరిచే డీజిల్ ధారాళంగా తిరుగుతుంది. పూర్తి లోడు మీద కూడా 10 కిందికి రానివ్వకూడదని నా పట్టుదల. 5 కనిపిస్తే బండి పక్కన పెట్టాల్సిందే.

అంతకు ముందు తరం, పీ7100 ఇన్‌లైన్ పంప్ ఉన్న 12 వాల్వుల కమ్మిన్స్‌లో మెకానికల్ పంప్ ఐడ్లింగ్‌లోనే 20 దరిదాపుల్లో ఇస్తుంది, రేస్ చేస్తే 25 దాటాలి. ఇన్‌లైన్ పంప్ మొండిది, కింది భాగానికి ఇంజన్ ఆయిల్ అందుతుంది. అందుకే ప్రెషర్ తగ్గితే అది చచ్చిపోదు, పుల్లింగ్ తగ్గించి ఊరుకుంటుంది.

2003 నుంచి వచ్చిన కామన్ రెయిల్ కమ్మిన్స్‌లో సుమారు 10. ఫోర్డ్ 6.0 పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజన్‌ది వేరే లోకం: అక్కడ 45 కిందికి పడితే ఇంజెక్టర్లు దెబ్బతింటాయి. అందుకే ప్రెషర్ రెగ్యులేటర్‌లో నీలం స్ప్రింగ్ అనే గట్టి స్ప్రింగ్ వేయించి 60 దాటించుకుంటారు.

మీ బండి ఈ జాబితాలో లేకపోతే సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. బార్‌లో రాసి ఉంటే 14.5తో గుణిస్తే పీఎస్‌ఐ వస్తుంది.

ఐడ్లింగ్‌లో 14 చూపిస్తోంది. లిఫ్ట్ పంప్ బాగున్నట్టేగా?

కాదు. ఈ ఒక్క మాట తెలియకే ఎక్కువ పంపులు పోతాయి.

ఐడ్లింగ్‌లో ఇంజన్ చెంచాడు డీజిల్ తాగుతుంది. సగం చచ్చిన పంప్ కూడా ఆ మాత్రం ప్రెషర్ నిలబెడుతుంది. కుళాయి సన్నగా తిప్పినప్పుడు ధార బాగానే ఉంటుంది, పూర్తిగా తిప్పితే కదా ట్యాంకులో నీళ్లెన్నో తెలిసేది. పంప్ అసలు స్థితి తెలియాలంటే లోడు ఎక్కించి, పై గేరులో, ఎత్తు మీదికి యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి పట్టుకోవాలి. అప్పుడు గేజ్ చూడాలి. నిలబెట్టి రేస్ చేయడం కూడా సరిపోదు, లోడు లేకుండా ఇంజన్ అంత డీజిల్ తీసుకోదు.

నా సొంత బండిలో ఇది కళ్లారా చూశాను. గేజ్ బిగించిన రోజు ఐడ్లింగ్‌లో 14. తృప్తిగా ఇంటికొచ్చేశాను. వారం తర్వాత ట్రాలీ తగిలించి ఒక పొడవాటి ఎత్తు ఎక్కుతుంటే ముల్లు మెల్లగా జారింది: 11, 9, 6. పైకి చేరేసరికి 3 మీద వణుకుతోంది. ఇంజన్ మాత్రం ఏమీ ఎరగనట్టు లాగుతూనే ఉంది. దిగుడులో కాలు తీయగానే మళ్లీ 14. గేజ్ లేకపోతే ఆ బండి బ్రహ్మాండంగా ఉందని ఎవరితోనైనా పందెం కాసేవాణ్ణి.

రాసి పెట్టుకోవలసినవి మూడు నంబర్లు: ఐడ్లింగ్, మామూలు రోడ్డు స్పీడు, పూర్తి లోడు. మొదటి రెండింటికీ మూడోదానికీ మధ్య తేడా నెలనెలా పెరుగుతుంటే ఏదో మొదలైందని అర్థం.

గేజ్ ఏ చోట బిగించాలి?

ఫిల్టర్ తర్వాత, ఇంజెక్షన్ పంప్‌లోకి డీజిల్ వెళ్లే నోటి దగ్గర. పంప్ చూసే ప్రెషర్ అదే. లిఫ్ట్ పంప్ బయటికి తోసే చోట పెడితే ఫిల్టర్ బిగుసుకుపోయిన సంగతి తెలియదు. పైగా ఫిల్టర్ మూసుకుపోయే కొద్దీ అక్కడి గేజ్ ఇంకా ఎక్కువ చూపించి మురిపిస్తుంది.

వీలైతే రెండు చోట్లా రంధ్రం పెట్టించుకోండి, గేజ్ ఒకటే ఉన్నా ఫరవాలేదు. ఫిల్టర్ ముందు ఎంత, తర్వాత ఎంత అని కొలిస్తే ఫిల్టర్‌దా పంప్‌దా అన్న తగాదా ఐదు నిమిషాల్లో తీరిపోతుంది.

ఎలాంటి గేజ్ కొనాలి?

మీ ప్రెషర్ ముల్లు మధ్యలో కనిపించే గేజ్. 15 పీఎస్‌ఐ బండికి 0 నుంచి 30 గేజ్ సరిపోతుంది. 100 గేజ్ పెడితే 10కీ 6కీ తేడా కనపడదు. 60 బండికి 0 నుంచి 100.

మెకానికల్ గేజ్ చవక, నమ్మకం. కానీ డీజిల్ పైపును క్యాబిన్‌లోకి తేవద్దు. పైపు చిట్లితే డీజిల్ మీ ఒళ్లో పడుతుంది. మధ్యలో ఐసొలేటర్ (డీజిల్‌ను బయటే ఆపి ప్రెషర్‌ను మాత్రం గేజ్‌కు అందించేది) పెట్టించండి, లేదా సెన్సర్ బయట, గేజ్ లోపల ఉండే ఎలక్ట్రికల్ రకం తీసుకోండి. దీంతో పాటు ప్రెషర్ ఒక హద్దు కిందికి పడితే వెలిగే లైటు స్విచ్ కూడా పెట్టిస్తే మంచిది. ఎత్తు ఎక్కేటప్పుడు కళ్లు రోడ్డు మీద ఉంటాయి, గేజ్ మీద కాదు.

సెన్సర్లు నెలకొకటి పోతున్నాయి. ఎందుకు?

ఇంజన్ మీద నేరుగా బిగించి ఉంటారు. పంప్ కొట్టే దెబ్బ, ఇంజన్ అదురు రెండూ దాని మీదే పడుతున్నాయి. ఒక అడుగు హోస్ వేసి సెన్సర్‌ను ఛాసిస్‌కో ఫైర్‌వాల్‌కో కట్టండి. హోస్ మొదట్లో సన్న రంధ్రం ఉన్న స్నబ్బరో చిన్న నీడిల్ వాల్వో పెట్టి బాగా బిగించి, ముల్లు వణకకుండా కదిలేంత మాత్రమే తెరవండి. బరువైన ఇత్తడి జాయింట్లు ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చి ఇంజన్ మీద నిలబెడితే ఏదో ఒక రోజు మెడ దగ్గర విరుగుతుంది.

స్కానర్‌లో ఫ్యూయల్ ప్రెషర్ చూపిస్తోంది కదా, వేరే గేజ్ దేనికి?

అది రెయిల్ ప్రెషర్, అంటే హై ప్రెషర్ పంప్ తర్వాత ఉండేది. సీపీ3 అనే బాష్ హై ప్రెషర్ పంప్ ఉన్న ఇంజన్‌లో అది 1,600 బార్ దాకా పోతుంది, అంటే 23 వేల పీఎస్‌ఐ పైమాట. లిఫ్ట్ పంప్ ఇచ్చే 10 పీఎస్‌ఐ దాంట్లో ఎక్కడా కనపడదు. లిఫ్ట్ పంప్ నీరసించినా హై ప్రెషర్ పంప్ తనే లాక్కుని కొన్నాళ్లు రెయిల్‌ను నిలబెడుతుంది. ఇక లాక్కోలేనప్పుడు పీ0087, రెయిల్ ప్రెషర్ తక్కువ అన్న కోడ్, పడుతుంది. కొన్ని కొత్త బండ్లలో తక్కువ ప్రెషర్ వైపు కూడా సెన్సర్ ఉంటుంది. మీ దాంట్లో ఉంటే స్కానర్ చాలు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ పేజీలో చెప్పిన గేజ్ పని ఏదీ హై ప్రెషర్ వైపు చేయకూడదు. ఇంజన్ తిరుగుతుండగా రెయిల్ పైపు వదులు చేయడం, కారుతుందేమోనని చేత్తో తడమడం ప్రాణం మీదికి తెస్తాయి. ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మంలోకి సూదిలా దూరిపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆపరేషన్ అవసరం పడే గాయం అది.

లోడు మీద ప్రెషర్ పడిపోతోంది. లిఫ్ట్ పంప్ మార్చేయనా?

తొందరపడకండి. పంప్ తప్పు కాకపోవచ్చు.

ముందు ఫిల్టర్ మార్చండి. దాంతో సగం కేసులు తేలిపోతాయి.

తర్వాత ట్యాంకు మూత. వినడానికి నవ్వొస్తుంది గానీ, ప్రెషర్ పడిపోయినప్పుడు బండి ఆపి మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ప్రెషర్ మళ్లీ లేచిందంటే ట్యాంకుకు గాలి ఆడే దారి మూసుకుపోయింది. పంప్ డీజిల్‌తో పాటు ఖాళీతో కూడా పోరాడుతోంది.

కరెంటు పంప్ అయితే మల్టీమీటర్ తీయండి. పంప్ నడుస్తుండగా, పంప్ కనెక్టర్ దగ్గరే వోల్టేజ్ చూడాలి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి పంప్ దగ్గర 11 ఉంటే పంప్‌ను తిట్టి లాభం లేదు. ఎర్తింగ్ తుప్పు పట్టిందో, రిలే కాళ్లు నల్లబడ్డాయో చూడండి. బ్యాటరీకీ పంప్‌కీ మధ్య అర వోల్టు మించి పోతుంటే వైరింగ్ వెతకాల్సిందే. కనెక్టర్ పీకేసి కొలిస్తే మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, లోడు లేకుండా వోల్టేజ్ ఎప్పుడూ మంచిగానే ఉంటుంది. ఐడ్లింగ్ మీద ప్రెషర్ చూసినట్టే ఇదీనూ.

ఆ తర్వాత లాగే వైపు. లిఫ్ట్ పంప్ నోటి దగ్గర వాక్యూమ్ గేజ్ పెట్టి చూడండి. రెండు మూడు అంగుళాల పాదరసం ఉంటే దారి బాగుంది. ఎనిమిది, పది చూపిస్తే ట్యాంకులోని జాలీ, నొక్కుకుపోయిన పైపు, లోపలి పొర ఊడిన రబ్బరు హోస్, ఇలాంటిదేదో అడ్డం పడింది. నా బండిలో దొరికింది ఈ చివరిదే. హోస్ బయటికి కొత్తదిలా ఉంది. కోసి చూస్తే లోపలి పొర విడిపోయి నాలుకలా వేలాడుతోంది. డీజిల్ మెల్లగా పోయేటప్పుడు పక్కకు ఒరిగి ఉంటుంది, జోరుగా లాగినప్పుడు లేచి దారి మూసేస్తుంది. అప్పటికే ఒక వర్క్‌షాపులో పంప్ రెండుసార్లు మార్పించుకున్నాను.

ఇవన్నీ బాగుండి కూడా ప్రెషర్ పడితే, అప్పుడు పంప్ మార్చండి.

ఉదయం సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి. ఒకసారి స్టార్టయితే రోజంతా బాగుంటుంది. ఇది కూడా లిఫ్ట్ పంపేనా?

ఎయిర్ పడుతోంది. లాగే వైపు పైపులో చిన్న సందు ఉంటే అక్కడ డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే బండి కింద చుక్క కూడా కనపడదు. రాత్రంతా నిలబడితే డీజిల్ ట్యాంకులోకి జారిపోయి లైనులో గాలి మిగులుతుంది.

పంప్‌కు ముందు అరడుగు పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా వేసి చూస్తే బుడగలు బయటపడతాయి. రాగి వాషర్లు, హోస్ క్లిప్పులు, ఫిల్టర్ గిన్నె రబ్బరు రింగు, ప్రైమర్ మూత, వెతకాల్సింది ఇవే. వాడిన రాగి వాషర్ మళ్లీ వాడటం ఈ జబ్బుకు పుట్టిల్లు. లిఫ్ట్ పంప్ లోపలి చెక్ వాల్వ్ అరిగినా ఇలాగే ఉంటుంది, కానీ అది చివర అనుమానించాల్సింది.

ప్రెషర్ ఎక్కువైతే మంచిదేగా?

కాదు. రిటర్న్ పైపు నొక్కుకుపోతేనో ఓవర్‌ఫ్లో వాల్వ్ మూసుకుని ఇరుక్కుంటేనో ప్రెషర్ పెరుగుతుంది, పారే డీజిల్ తగ్గుతుంది. గేజ్ సంతోషంగా ఉంటుంది, పంప్ ఉడికిపోతూ ఉంటుంది. ప్రెషర్ అంటే పారుదలకు తగిలే అడ్డు మాత్రమే, ఎంత పారుతోందో అది చెప్పదు. అనుమానం వస్తే ఇంజన్ ఆపి, పైపు విప్పి డబ్బాలోకి పట్టి, మాన్యువల్‌లో చెప్పినన్ని సెకన్లలో ఎంత వచ్చిందో చూడండి. వీపీ44 డాడ్జ్‌లో దీనికి సులువుంది: తాళం తిప్పి సెల్ఫ్‌ను ఒక్క తట్టు తట్టి, ఇంజన్ స్టార్ట్ కాకముందే వదిలేస్తే లిఫ్ట్ పంప్ దానంతటదే సుమారు 25 సెకన్లు నడుస్తుంది.

ఇంజన్ ఆయిల్ మట్టం పెరుగుతోంది, డీజిల్ వాసన వస్తోంది.

బండి నడపకండి. మెకానికల్ లిఫ్ట్ పంప్ డయాఫ్రమ్ గానీ సీలు గానీ పోతే డీజిల్ నేరుగా ఇంజన్ లోపలికి కారుతుంది. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడదు. కామన్ రెయిల్ బండి అయితే ఇంజెక్టర్ లీకు కూడా కారణం కావచ్చు. ఏదైనా సరే, కారణం దొరికాకే ఆయిల్ మార్చండి.

చలిలో ప్రెషర్ పడిపోతుంది, ఎండెక్కాక బాగుంటుంది.

డీజిల్‌లో మైనం ఉంటుంది. చలి ముదిరితే అది పేరుకుని ఫిల్టర్ కాగితాన్ని మూసేస్తుంది. చలికాలపు డీజిల్ వాడండి, ఫిల్టర్ హీటర్ పనిచేస్తోందో లేదో చూడండి. ఫిల్టర్‌లో నీళ్లున్నా చలిలో గడ్డకట్టి ఇదే పని చేస్తాయి, కింది నట్టు తిప్పి నీళ్లు వదలడం మర్చిపోవద్దు.

మా బండికి లిఫ్ట్ పంపే లేదంటున్నారు. నిజమేనా?

నిజం కావచ్చు. 2001 నుంచి 2016 దాకా వచ్చిన జీఎం 6.6 లీటర్ల డ్యూరామ్యాక్స్ డీజిల్ పికప్ బండ్లకు కంపెనీ లిఫ్ట్ పంప్ ఇవ్వలేదు. హై ప్రెషర్ పంప్‌లోని గేరు పంపే ట్యాంకు నుంచి లాక్కోవాలి. 2017లో వచ్చిన ఎల్5పీ ఇంజన్‌తో ట్యాంకులో పంప్ పెట్టారు. పంప్ లేని బండిలో ప్రెషర్ గేజ్ పనికిరాదు, ఫిల్టర్ తర్వాత వాక్యూమ్ గేజ్ పెట్టండి. వాక్యూమ్ పెరుగుతోందంటే ఫిల్టర్ నిండుతోంది.

వీటిలో 2011 నుంచి 2016 దాకా వచ్చిన ఎల్ఎంఎల్ ఇంజన్‌కు మరీ జాగ్రత్త కావాలి. అందులో సీపీ4 అనే హై ప్రెషర్ పంప్ ఉంటుంది. అది లోపల అరిగితే ఆ లోహపు పొడి రెయిల్‌లోకీ ఇంజెక్టర్లలోకీ పాకుతుంది, పంప్ ఒక్కటి మారిస్తే సరిపోదు. డీజిల్‌లో గాలి కలవడం దానికి అస్సలు పడదు. బయటి లిఫ్ట్ పంప్ బిగించుకోమని నేను చెప్పేది అందుకే.

బయటి కంపెనీల పెద్ద లిఫ్ట్ పంప్ వేయిస్తే?

ట్యాంకు దగ్గర, ఛాసిస్ మీద, కింది భాగంలో బిగిస్తే మంచిదే. తోసే పంప్ తోస్తుంది, లాగే దూరం తగ్గుతుంది. కానీ దాని ప్రెషర్ మీ ఇంజెక్షన్ పంప్ హద్దులో ఉండాలి. పాత సన్న పైపులు, సన్న బాంజో బోల్టులు (లోపలి రంధ్రం గుండా డీజిల్ పారే బోల్టులు) అలాగే ఉంచి పెద్ద పంప్ పెడితే ఖర్చంతా ఆ రంధ్రం దగ్గరే ఆగిపోతుంది. గేజ్ లేకుండా మాత్రం ఏ పంపూ వేయించుకోవద్దు.

దారిలో లిఫ్ట్ పంప్ ఆగిపోయింది. ఇంటిదాకా రావచ్చా?

ఇన్‌లైన్ పంప్ అయితే నెమ్మదిగా, తక్కువ లోడుతో రావచ్చు. సీపీ3 అయితే తప్పనిసరైతే కొంత దూరం. వీపీ44, సీపీ4, ఫోర్డ్ 6.0 అయితే ఇంజన్ ఆపేసి బండిని లాగించుకుని వెళ్లండి. వీపీ44 వాళ్లు "ఇంకో పది కిలోమీటర్లేగా" అంటుంటారు, ఎందుకంటే ఆ ఇంజన్ లిఫ్ట్ పంప్ లేకుండా కూడా నడుస్తుంది.